బట్టీ చూడని పొర

బట్టీ పనిలో ఒక సుఖముంది. పని ఎప్పుడు అయిపోయిందో మనకి తెలుస్తుంది. మంట ఆపుతాం, రెండు రోజులు చల్లారనిస్తాం, తలుపు తీస్తాం. పింగాణీ బాగా కాలితే కాలినట్టు, పగిలితే పగిలినట్టు. ఆ తర్వాత ఎన్నేళ్ళు బీరువాలో పెట్టినా అది మారదు. ఇరవై రెండేళ్ళు నేను ఆ సుఖంలోనే బతికాను. చదువుకున్నదాన్ని కదా, దాన్ని సుఖమని ఎప్పుడూ అనుకోలేదు. కరెంటు దండగ అనుకున్నాను.

మా ప్రయోగశాల గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ తెల్ల ఇసుక. ఆ ఇసుకతో గాజు చేస్తారు కాబట్టి లారీలు పగలంతా తిరుగుతూనే ఉంటాయి. మేం చేసేది పింగాణీ, కానీ కప్పులూ సాసర్లూ కాదు. వంచినా నొక్కినా కదిలించినా కరెంటు పుట్టించే పింగాణీ. గ్యాస్ లైటర్ నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వస్తుందే, అది అలాంటి ముక్క చేసే పనే. నా పేరు సుచరిత, అక్కడ పెద్ద సైంటిస్టుని. నాకంటే పెద్దవాడు దస్తగిరన్న. బట్టీ ఆయనది.

దూదేకుల దస్తగిరి. తాతలు దూది ఏకారు. ఈయన పదహారో ఏట ఒక టైల్సు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర చేరి, మా దగ్గరికి వచ్చేసరికి నలభైకి దగ్గరపడ్డాడు. డిగ్రీలు లేవు, చెవి ఉంది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి బట్టీలోనూ అసలు సరుకుతో పాటు అదే పొడితో చేసిన బిళ్ళ ఒకటి పెట్టేవాళ్ళం, అరచేతిలో సగం ఉంటుంది. దాని పేరు సాక్షి బిళ్ళ. బట్టీ తెరవగానే ముందు బయటికి వచ్చేది అదే. దస్తగిరన్న దాన్ని మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, చూపుడువేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. సరిగా కాలిన బిళ్ళ ఖంగుమంటుంది. పచ్చిది థప్పుమంటుంది. లోపల చీలిక ఉంటే బొంగురుపోతుంది. ఆయన చెప్పింది రిజిస్టర్లో రాసి, ఆ తర్వాతే బిళ్ళని మిషన్ మీద పెట్టేవాళ్ళం. మిషనుకీ ఆయనకీ తేడా వచ్చింది ఇన్నేళ్ళలో మూడుసార్లు. అందులో రెండుసార్లు మిషన్ రిపేరులో ఉంది.

ఆ రిజిస్టర్లో నాలుగు గళ్ళు: తేదీ, బిళ్ళ నంబరు, గొంతు, రిమార్కు. బిళ్ళ గొంతు బాగాలేదంటే తప్పు బిళ్ళది, లేకపోతే మంటది, లేకపోతే గదిలో చెమ్మది. "ఇవాళ నా చెవి బాగాలేదు" అని బట్టీ దగ్గర ఎవరూ అనరు. అన్నవాడు ఇంక అక్కడ నిలబడడు. దస్తగిరన్న ఆ మాట ఒక్కసారి అన్నాడు.

బట్టీ పక్కన బ్లోయర్ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ పైన దాని హోరులో నిలబడితే చెవికి సన్నని శబ్దాలు ముందు పోతాయి. ఆయనకి ముందు పిట్టలు పోయాయి, తర్వాత వాళ్ళావిడ గొంతు పోయింది, చివరికి బిళ్ళ. ఒకరోజు బిళ్ళని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ కొట్టి, బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, ఇది పలకతానే ఉండాది. నాకే ఇనపళ్ళా. నా చెవి అయిపోయింది" అన్నాడు.

మర్నాటి నుంచి బట్టీ దగ్గరికి రాలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని లారీల నంబర్లు రాసుకునేవాడు. లావు శబ్దాలు మాత్రం ఆయనకి వినపడేవి. లారీ హోరు, డ్రైవర్ల కేకలు, కాస్త గట్టిగా మాట్లాడితే నా గొంతు. నాది మగగొంతని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వెక్కిరింపు. దస్తగిరన్న పుణ్యమా అని అది మొదటిసారి ఒకరికి పనికొచ్చింది.

అప్పటికే తొమ్మిదేళ్ళుగా నేను ఒక పిచ్చి పట్టుకుని తిరుగుతున్నాను. వానాకాలంలో డబ్బాలో రాళ్ళ ఉప్పు గడ్డకడుతుంది కదా, దానికి ఎవరు మంట పెట్టారు? చెమ్మకి పలుకుల అంచులు కరిగి, పక్క పలుకుని పట్టుకుని మళ్ళీ గట్టిపడతాయి. పింగాణీ పొడి మాత్రం అలా ఎందుకు చెయ్యకూడదు? పన్నెండు వందల డిగ్రీల మంట దేనికి? పొడిని ఒకరకం ఉప్పునీటితో తడిపి, నొక్కిపెట్టి చూశాం. మూడు వందల డిగ్రీల దగ్గర గట్టిపడింది. ఉప్పు మార్చాం, నూట ఇరవైకి దిగింది. ఇంకోటి మార్చాం, అరవై. ఒక జూలై మధ్యాహ్నం కరెంటు పోయి, ఏసీ లేక చెమటలు కారుతుంటే, తడిపిన పొడి పూసిన గాజు పలకని ఊరికే అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత చూస్తే ఉల్లిపొరంత పొర బిగిసి ఉంది. కరెంటు వచ్చాక గోటితో నొక్కితే మీటరు ముల్లు లేచింది.

బట్టీ మొహం చూడని పింగాణీ. నా ఒంటి వేడికి గట్టిపడిన పింగాణీ. ఆ రోజు చిన్నపిల్లలా గంతులేశానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. గంతులేసి నేరుగా గేటు దగ్గరికి పరుగెత్తాను.

"దస్తగిరన్నా, నీ చెవి చూపించు!" అని అరిచాను.

"చూసేదానికి ఏముందమ్మా, గులిమి తప్ప" అన్నాడు.

నెల్లూరులో చెవి డాక్టరు ఇమ్మానుయేలు నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. ఈ పొర చెవిలో వెయ్యొచ్చా అని అంతకుముందు ఒకసారి అడిగితే, "నూట ఇరవై డిగ్రీలంటే చెవి ఉడికిపోతుంది తల్లీ, ముప్ఫై ఏడైతే రా, మాట్లాడదాం" అని నవ్వి పంపించాడు. ఈసారి ముప్ఫై ఏడుతో వెళ్ళాను. లోపలి చెవికి కిటికీ తెర లాంటిది ఒకటి ఉంటుంది. దాని మీద మా పొరని తడిగా పూసి వదిలేస్తే ఒంటి వేడికి అదే బిగుస్తుంది. శబ్దానికి వణికి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు నరాన్ని తట్టిలేపుతుంది. కుందేళ్ళ మీద మూడు నెలలు చూశాం. అనుమతులు వచ్చాయి. పొర పడకపోతే ఐదు నెలల లోపు నిమ్మ ఉప్పు నీళ్ళతో కడిగెయ్యొచ్చు, ఆ తర్వాత దాని మీద చర్మం పెరిగి పట్టేస్తుంది, తియ్యబోతే తెర చిరుగుతుంది. ఇమ్మానుయేలు ఈ సంగతి దస్తగిరన్నకి నా ఎదుటే రెండుసార్లు చెప్పాడు. ముందు ఒక చెవికే వేద్దామని కూడా అన్నాడు. రెండు చెవులైతేనే శబ్దం ఎటునుంచి వచ్చేదీ తెలుస్తుందని నేనే పట్టుబట్టాను.

పద్ధతి ప్రకారం అదే పొడితో సాక్షి బిళ్ళ కూడా చేశాం. నంబరు నాలుగు వందల పదిహేడు. దాన్ని మిగతా బిళ్ళల పక్కన, ఏసీ గదిలో అద్దాల బీరువాలో దూది మీద పెట్టాం. అక్కడ ఇరవై రెండు డిగ్రీలు, చెమ్మ లేదు. దస్తగిరన్న చెవిలో ముప్ఫై ఏడు, ఎప్పుడూ చెమ్మే. జరిగేది ఒక ఊళ్ళో, సాక్షి ఇంకో ఊళ్ళో. అంతమంది చదువుకున్నవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. బట్టీలోంచి వచ్చిన బిళ్ళ ఎక్కడ పెట్టినా ఒకటే కదా. మాకు అదే అలవాటు.

పొర వేసిన పదో రోజు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. నిమ్మకాయల మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. దస్తగిరన్న భార్య హుస్సేనమ్మ ఆ మార్కెట్లోనే కాయలు ఏరుతుంది. నేను వెళ్ళేసరికి ఆవిడ లోపల గిన్నెలు తోముతూ, ఎప్పటిలాగే మొగుణ్ణి తిడుతోంది. ఆయనకి ఆవిడ మాట వినపడక పన్నెండేళ్ళు. ఆవిడ నోటికి అదుపు లేక కూడా పన్నెండేళ్ళే.

"పాల గిన్నె మీద మూత పెట్టమంటే పెడతాడా? కుర్చీకే పుట్టినోడు, కుర్చీలోనే పోతాడు..."

"మూత పెట్టుండా, చూడే" అన్నాడు దస్తగిరన్న వసారాలోంచి.

గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతుల నుంచి సబ్బునీళ్ళు కారుతున్నాయి.

"ఇనపడిందా?"

"ఇనపడింది. కుర్చీకి పుట్టిందీ ఇనపడింది."

ఆవిడ అక్కడే గడప మీద కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, అనుమానంగా, "ఇన్నేళ్ళు నేనన్నయ్యి ఏయీ ఇనలా గదా?" అని అడిగింది.

"ఇనలేదులే. ఈ పొద్దు నించి కొత్తగా మొదులుపెట్టు."

ఆ తర్వాత హుస్సేనమ్మ తిట్టడం మానేసింది. "ఇనే మనిషిని ఎట్టా తిట్టేదమ్మా, పాపం అనిపిస్తాది" అనేది నాతో. తిట్ల బదులు కబుర్లు మొదలయ్యాయి. మార్కెట్లో ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నదీ, చెల్లెలి కూతురికి ఏ సంబంధం తప్పిపోయిందీ, పన్నెండేళ్ళ కిందట చెప్పాల్సినవి కూడా వెతికి వెతికి చెప్పేది. దస్తగిరన్న డ్యూటీకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "ఆమె మాట మధ్యలో ఉండాది, లేచి ఎట్టా వచ్చేది" అన్నాడు. అప్పటికి మళ్ళీ బట్టీ దగ్గరే డ్యూటీ.

నెల మొదటి తారీకున బీరువాలో బిళ్ళలన్నిటినీ దించి, ఒక్కొక్కటే కొట్టి చూడడం ఆయనకి పాత అలవాటు. బిళ్ళల్ని పలకరించడం అనేవాడు. పొర వేసిన నాలుగో నెలలో అలా పలకరించి, ముఖం ముడుచుకుని నా గదికి వచ్చాడు.

"అమ్మా, బిళ్ళలు సన్నంగా పలకతాండాయి."

"ఏది, నీదా? నాలుగు వందల పదిహేడా?"

"అదొకటే గాదు, అన్నీ. పదేళ్ళ నాటియ్యి గూడా. ఆ ఏసీ గదిలో ఏందో అయిందమ్మా."

ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. పదేళ్ళుగా మారని అరవై బిళ్ళలు ఒక్క నెలలో అన్నీ కలిసి గొంతు మార్చుకున్నాయంటే, మారింది బిళ్ళలా? బడికి వెళ్ళే పిల్లలు చెప్తారు. మేం మాత్రం ఏసీ మెకానిక్కుని పిలిపించాం. చెమ్మ కొలిచాం. బీరువా తలుపుకి కొత్త రబ్బరు వేయించాం. ఏడు బిళ్ళలు నేనే మిషన్ మీద పెట్టి చూశాను, ఒక్కదానికీ రవ్వంత తేడా లేదు. రిమార్కు గడిలో నా చేత్తో రాశాను: 'బిళ్ళలు సరిగా ఉన్నాయి. గది సరిచేయించాం.'

అబద్ధమెందుకు, పెన్ను మూత పెడుతుంటే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తలెత్తి ఆయన చెవి వైపు చూశాను కూడా. పరీక్ష చేయించడానికి ఒక పూట చాలు. కానీ ఎల్లుండి బెంగుళూరులో నా ఉపన్యాసం ఉంది. ఇంకో పన్నెండుమందికి పొర వెయ్యడానికి అనుమతి అడిగి ఉన్నాం, ఈ అనుమానం కాగితం మీద పడితే అది ఆగిపోతుంది. ఆరో నెలలో ఎలాగూ పరీక్ష ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రిజిస్టర్లో చెవికి గడి లేదు. ఉంటే మాత్రం రాసేదాన్నా? రాసేదాన్ని కాదేమో.

ఆయన కూడా చెవి మాట ఎత్తలేదు. ఒకసారి ఎత్తితే ఏమైందో ఆయనకి తెలుసు. గేటు దగ్గర కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

ఆరో నెల పరీక్షకి నేను ఊళ్ళో లేను. వాయిదా వేయించాను.

ఏడో నెలలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాను. కింద ఆవరణలో ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తోంది. దానికి వీపు పెట్టి దస్తగిరన్న బట్టీ ఇటుకలు పేరుస్తున్నాడు. డ్రైవరు తల బయటపెట్టి, "అన్నో, జరుగన్నో!" అని గొంతు చించుకుంటున్నాడు. ఆయన కదల్లేదు. నేను కిటికీ అద్దం మీద అరచేతులతో బాదాను. అదీ వినపడలేదు. అప్పుడు అటు చివర క్యాంటీన్లో ఎవరి చేతిలోంచో స్టీలు గ్లాసు జారి గచ్చు మీద పడింది. దస్తగిరన్న చటుక్కున అటు తిరిగాడు, లారీని చూశాడు, పక్కకి దూకాడు.

ఎక్కడో గ్లాసు పడితే వినపడింది. వీపు వెనక లారీ వినపడలేదు. బిళ్ళలు ఎందుకు సన్నబడ్డాయో అప్పుడు తెలిసింది నాకు. కాదు, తెలిసిందే, అప్పుడు ఒప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నెల్లూరు తీసుకెళ్ళాను. ఇమ్మానుయేలు రెండు చెవులూ చూసి, దస్తగిరన్నని బయట కూర్చోబెట్టి, తలుపు వేశాడు.

"సుచరితా, అది పొర కాదు ఇప్పుడు, పెంకు. ఇంకా ముదురుతోంది. లావు శబ్దాలకి కదలడమే లేదు. నాలుగో నెలలోనే తెలిసి ఉంటే కడిగేసేవాణ్ణి, పది నిమిషాల పని. అప్పుడేమన్నా చెప్పాడా ఈయన?"

"లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తిరిగి వచ్చి నాలుగు వందల పదిహేడుని బీరువాలోంచి తీశాను. ఉప్పునీళ్ళలో వేసి, త్వరగా తేలాలని అరవై డిగ్రీల దగ్గర పెట్టాను. రోజూ కొలిచాను. రోజూ కొంచెం కొంచెం గట్టిపడింది. పదకొండు రోజులకీ గ్రాఫులో గీత ఎక్కడా చదునవ్వలేదు. మంటలో కాలేదాన్ని ఆపాలంటే మంట ఆపితే చాలు. ఒంటి వేడితో కాలేదాన్ని ఆపాలంటే ఒళ్ళే చల్లబడాలి. అదే మేం చూసుకోనిది. గట్టిపడడం ఎలా మొదలవుతుందా అని తొమ్మిదేళ్ళు చూశాం, ఎక్కడ ఆగుతుందా అని ఒక్కరోజు కూడా చూడలేదు.

ఆ పన్నెండుమందికీ పొర వెయ్యొద్దని అనుమతులిచ్చేవాళ్ళకి ఉత్తరం రాశాను. 'పొర కాలక్రమేణా ముదురుతున్నట్టు గమనించాం' అని రాశాను. ఎప్పుడు గమనించామో రాయలేదు.

దస్తగిరన్నకి బట్టీ దగ్గరే చెప్పాను. ఎదురుగా నిలబడి, గొంతు వీలైనంత సన్నం చేసుకుని చెప్పాను.

"అన్నా, పొర ముదురుతోంది. ఆపలేం. ముందు లావు గొంతులు పోతాయి, తర్వాత సన్నవి."

"లారీలు పోయినయ్యి లేమ్మా, తెలస్తానే ఉండాది. తర్వాత ఎవురు?"

"నేను. ఇంకో ఇరవై అయిదు రోజులు. హుస్సేనక్క గొంతు యాభై రోజుల దాకా ఉంటుంది."

"ముందు నించీ ఇనపడతా ఉన్నయ్యో? నువ్వు పొర ఎయ్యక ముందు, లావుగా..."

"అవి కూడా రావన్నా. పెంకు అడ్డం."

ఆయన చల్లటి బట్టీ తలుపు మీద చెయ్యి వేశాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"పోనీలేమ్మా, ఏడు నెల్లు ఇన్నా గదా. నువ్వు కావాలని చేస్తివా ఏంది" అన్నాడు. తర్వాత నవ్వాడు. "అయితే ముందు పొయ్యేది నీ గొంతే. నాకేదన్నా చెప్పేది ఉంటే ఈ ఇరవై అయిదు దినాల్లోపల చెప్పేయమ్మా."

చెప్పేది ఒక్కటే ఉంది. నువ్వు నాలుగో నెలలోనే చెప్పావన్నా, నేనే వినలేదు. అప్పుడు కడిగించి ఉంటే నీ పాత వినికిడైనా నీకు మిగిలేది. అంతే. ఊపిరి తీసుకునేంతసేపట్లో అయిపోయే మాట.

"తర్వాత చెప్తాలే అన్నా" అన్నాను.

మొదటి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ వియ్యంకుడు వచ్చి ఉన్నాడు. పరాయివాళ్ళ ముందు ఎలా చెప్పడం అనుకున్నాను. రెండో ఆదివారం ఎవరూ లేరు. కానీ ఆయన మంచి హుషారులో ఉన్నాడు. టైల్సు ఫ్యాక్టరీలో చిన్నప్పుడు బట్టీలో వంకాయలు కాల్చి తిన్న సంగతి చెప్పి, మేస్త్రీ వాసన పట్టి తరిమిన వైనం నటించి చూపించాడు. ఆ నవ్వు చెడగొట్టడం ఎందుకనుకున్నాను. ఆయన మీద జాలి అనుకున్నాను దాన్ని. నా మీద జాలి అది.

ఈసారి చెప్పి తీరాలని మూడో ఆదివారం బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. హుస్సేనమ్మ.

"ఆయనకి జొరమమ్మా. నూటరెండు ఉండాది. మాత్ర ఏసినా దిగలా."

నూటరెండంటే దాదాపు ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. వేడి ఎక్కితే పొర ఎంత త్వరగా ముదురుతుందో అరవై డిగ్రీల దగ్గర పెట్టిన ఆ బిళ్ళ నాకు చూపించింది.

"తడిగుడ్డ వెయ్యక్కా. నుదుటి మీదే కాదు, చెవుల చుట్టూ వెయ్యి. తీస్తూ వేస్తూ ఉండు."

పిచ్చి సలహా. చెవి లోపలికి తడిగుడ్డ చల్లదనం ఏం వెళ్తుంది? అయినా ఆవిడ రెండు రోజులు కూర్చుని వేస్తూనే ఉంది. మూడో రోజు జ్వరం దిగింది. నాలుగో రోజు సాయంత్రం వెళ్ళాను.

హుస్సేనమ్మ వాకిట్లో కూర్చుని బుట్టలో నిమ్మకాయలు ఏరుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నా గొంతు ఇంకా ఎన్ని దినాలమ్మా?" అని అడిగింది.

దారి పొడుగునా నేను వేసుకున్న లెక్క అదే. "పన్నెండు రోజులు ఉండొచ్చక్కా."

"పన్నెండు" అంది ఆవిడ. కాయ ఒకటి తీసి, చూసి, మళ్ళీ బుట్టలోనే వేసింది.

దస్తగిరన్న వసారాలో మంచానికి కొత్త నవారు బిగిస్తున్నాడు. జ్వరానికి ముఖం పీక్కుపోయింది. నన్ను చూసి నవ్వి, పక్కనున్న పీట చూపించాడు. నేను కూర్చున్నాను. ఇంక ఒక్క క్షణం ఆగినా చెప్పలేనని తెలిసి, ఆయన ముఖంలోకి చూస్తూ మొత్తం చెప్పేశాను. ఒకటో తారీకు బిళ్ళల సంగతి, నేను రాసిన రిమార్కు, పెన్ను మూత పెడుతూ ఆయన చెవి వైపు చూసింది, బెంగుళూరు, ఇమ్మానుయేలుకి చెప్పిన అబద్ధం. "అన్నా, ఆ రోజే కడిగించి ఉంటే నా మాట నీకు ఈ రోజు వినపడేది. లారీ వినపడేది. నేనే పోగొట్టాను నీ చెవిని" అన్నాను. నా గొంతు నాకే లావుగా, దూరంగా వినపడింది.

ఆయన నా పెదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు.

"ఏమంటాందే అమ్మ? నోరు కదలతాండాది, మాట రాలా. ఏడస్తాంది గూడా, చూడు."

హుస్సేనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొత్తం విన్నది. చేతిలో నిమ్మకాయ ఉంది, దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. ఆవిడ చెప్పేస్తుందనే అనుకున్నాను. చెప్తే బాగుండుననీ అనుకున్నాను, నా పని ఆవిడ చేసిపెడుతుంది కదా.

"నిమ్మకాయ చేత్తో కళ్ళు నులుముకుందిలే" అంది హుస్సేనమ్మ, గొంతు పైకెత్తి, సన్నగా. "టీ తాగి పొమ్మంటావా, పనుండాది పోతా అంటాంది."

"టీ తాక్కుండా యాడికి పొయ్యేది! పెట్టు, పెట్టు."

ఆవిడ నా వెనక నుంచి వెళ్తూ ఆగింది. వంగి, గొంతు బాగా కిందికి దించి, మగవాళ్ళ గొంతంత లావుగా మాట్లాడింది. మంచం అవతల ఉన్న మనిషికి అది వినపడదు.

"పన్నెండు దినాలన్నావు గదమ్మా. ఆ పన్నెండు దినాలు నావి. నా మాటలు నాకు శానా ఉండాయి చెప్పుకునేటియ్యి. నీది నా నోటితో చెప్పను. ఆ తర్వాత కాయితం మీద రాసిస్తావో, ఏం చేస్తావో, నీ ఇష్టం."

లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. దస్తగిరన్న నవారు కొస నా చేతికిచ్చి పట్టుకోమని సైగ చేశాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన అటువైపు నుంచి లాగి బిగించాడు. లోపల నుంచి హుస్సేనమ్మ మార్కెట్ కబురేదో మొదలుపెట్టింది, ఆయన ఊఁ కొడుతూ, మధ్యమధ్య నవ్వుతూ వింటున్నాడు. టీ వచ్చేదాకా ఇద్దరం మంచం బిగించాం.

ఇది జరిగి నాలుగు నెలలైంది. పన్నెండు రోజులు ఆవిడ ఒక్క పూట కూడా మార్కెట్‌కి వెళ్ళలేదని తర్వాత తెలిసింది. దస్తగిరన్నకి తెలుగు చదవడం బాగా వచ్చు. కాగితం రాసి కూడా మూడు నెలలు దాటింది. నా దగ్గరే ఉంది.